మెరిసేదంతా తెగులు కాదు

వరిచేలో చిన్న పురుగొకటి నీలంగా తళుక్కుమంటే మనవాళ్ళు వేసే మొదటి ప్రశ్న "ఏం మందు కొట్టాలి?" అని. "అసలిదేం పురుగు?" అన్నది రెండో ప్రశ్న కూడా కాదు, చాలాసార్లు ఆ ప్రశ్నే ఉండదు. ఈ రెండు ప్రశ్నల వరస సరిచేస్తే చాలు, సార్వాలో ఒకటో రెండో పిచికారీలు మిగులుతాయని నా అభిప్రాయం. దానికి పురుగుల శాస్త్రంలో పీహెచ్‌డీ అక్కర్లేదు, ఒక భూతద్దం, రెండు నిమిషాల ఓపిక ఉంటే చాలన్నది నా వాదన. ఈ టపా అంతా ఆ వాదనే.

"ఇంజినీరింగు చదివినోడివి, నీకెందుకయ్యా పురుగుల గోల" అనేవాళ్ళకి ముందే సమాధానం చెప్పేస్తా. మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. నాన్నదీ బాబాయిదీ కలిపి మూడెకరాల చిల్లర. కొంత సొంత సాగు, కొంత కౌలుకి. నేను హైదరాబాదులో కోడు రాసుకుంటూ బతుకుతున్నా. ఊడ్పులయిన దగ్గర్నుంచి కోతల దాకా మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెళ్ళి ఫోటోలకన్నా పురుగుల ఫోటోలే ఎక్కువ. "సాఫ్ట్‌వేరు కదరా, నీ ఫోన్లో వెతికి చెప్పు" అని మా బాబాయి ఆర్డరు. మీలో చాలామంది ఇళ్ళలో ఇదే తంతు అని నాకు తెలుసు. ఊళ్ళో ఎకరమో రెండెకరాలో ఉండి, మాదాపూర్‌లోనో డల్లాస్‌లోనో కూర్చుని, ఫోన్లో వ్యవసాయం చేసే బాపతు మనమంతా. అంటే మందు కొట్టాలా వద్దా అన్న నిర్ణయంలో మనకీ చెయ్యి ఉంది. అందుకే ఈ గోల.

ముగ్గురు అనుమానితులు

డెల్టా వరిచేలల్లో నీలి నలుపు మెరుపుతో, ఇంచుమించు బియ్యపు గింజంత పొడవుతో కనబడే పెంకు పురుగులు ముఖ్యంగా మూడున్నాయి. మూడూ మూడు రకాల మనుషుల్లాంటివి.

మొదటిది తాటాకు తెగులు పురుగు. పుస్తకాల్లో హిస్పా అంటారు, శాస్త్రీయంగా డైక్లాడిస్పా ఆర్మిజెరా. ఇది అసలు సిసలు దొంగ. పెద్ద పురుగు ఆకు మీద పచ్చదనం గీకి తినేస్తుంది, ఈనెల వెంబడి తెల్లటి సమాంతర చారలు పడతాయి. పిల్ల పురుగు ఆకు పొరల మధ్య దూరి సొరంగం తవ్వుతుంది. ఒంటి నిండా ముళ్ళు. ఉమ్మెత్తకాయని బాగా కుదించి, నల్లటి నీలం రంగేసి, ఆరు కాళ్ళు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

రెండోది పెడెరస్. తల నలుపు, రొమ్ము నారింజ ఎరుపు, రెక్కలు నీలం మెరుపు, పొట్ట మళ్ళీ నారింజ, కొస మళ్ళీ నలుపు. గండుచీమలా గబగబా పరిగెడుతుంది, ఒక్కోసారి తేలులా తోక పైకెత్తుతుంది. పొలంలో ఇది మిత్ర పురుగే, దోమ పిల్లల్ని, మెత్తటి పురుగుల్ని పట్టి తింటుంది. కానీ ఒంటి మీద పడినప్పుడు చేత్తో చరిచామో, దాని ఒంట్లోని పెడెరిన్ అనే పదార్థం చర్మాన్ని కాలుస్తుంది. కుట్టదు, కరవదు. నలిపితేనే ప్రమాదం. మంట వెంటనే తెలియదు, ఒక రోజు గడిచాక వాతలాగా, నీటి బుడగల్లాగా తేలుతుంది. మనవాళ్ళు దాన్ని చూసి సర్పి అనుకుని ఆ వైద్యానికి పరిగెడతారు. డాక్టర్లు కూడా ఒక్కోసారి పొరబడేంత పోలిక ఉంటుంది రెండింటికీ.

మూడోది ఈ టపాకి హీరో. ఓఫియోనియా. గ్రౌండ్ బీటిల్ కుటుంబం, శాస్త్రీయంగా కెరాబిడే. మన వ్యవసాయ పుస్తకాలు నేల పెంకు పురుగు అని రాస్తాయి గానీ, ఈ జాతి మాత్రం నేల మీద కన్నా వరి దుబ్బు మీదే ఎక్కువ తిరుగుతుంది. తల నల్లగా మెరుస్తూ ఉంటుంది, తల వెనక సన్నటి మెడ, పొడుగ్గా గొట్టంలాంటి ఎర్రటి రొమ్ము, రెక్కల మీద ఎరుపు, నీలి నలుపు పట్టీలు, వాటిలో సన్నటి తెల్ల చుక్కలు. ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది. ఆకుముడత గొంగళి అంటే దీనికి మహా ఇష్టం. ముడుచుకున్న ఆకులోకి దూరి మరీ తింటుంది. 1987లో ఇర్రి, అంటే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, వరి రైతు మిత్రుల గురించి ఒక చిన్న బొమ్మల పుస్తకం వేసింది. దాని లెక్క ప్రకారం ఒక్కో ఓఫియోనియా రోజుకి 3 నుంచి 5 గొంగళ్ళని తింటుంది. దీని పిల్ల పురుగు కూడా ఇదే పని మీదుంటుంది, అది నల్లగా నిగనిగలాడుతుంది.

ఇక్కడొక తమాషా చూడండి. రైతు ముడుచుకున్న ఆకు విప్పుతాడు. లోపల గొంగళి ఉండదు, అప్పటికే అయిపోయింది. ఈ మెరిసే పురుగు మాత్రం ఉంటుంది. ఇంకేం, ఆకు ముడిచింది ఇదే అని తీర్పు! ఎక్కడ ఇల్లు తగలబడినా అక్కడ ఫైరింజను కనబడుతోంది కాబట్టి ఫైరింజనే నిప్పు పెడుతోందన్నట్టు. మన ఆఫీసుల్లో సర్వరు పడిపోయినప్పుడు లాగుల్లో చివరగా ఎవడి పేరుంటే వాడి మీద పడతాం చూడండి, అచ్చం అదే.

రంగుని నమ్మొద్దు

పురుగుని గుర్తుపట్టమంటే ఎవరైనా మొదట చెప్పేది రంగు. "నీలంగా ఉంది", "ఆకుపచ్చగా బంగారంలా ఉంది". మెరిసే పురుగుల విషయంలో అన్నిటికన్నా తక్కువ మార్కులివ్వాల్సిన లక్షణం ఇదే.

ఎందుకంటే ఈ లోహపు మెరుపు చాలావరకు రంగు పదార్థం వల్ల వచ్చేది కాదు. పురుగు పెంకులో అతి పలచటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కో పొర నుంచి వెనక్కొచ్చిన వెలుతురు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగులు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. సబ్బు బుడగ మీద, వాననీళ్ళలో తేలే డీజిలు మీద కనబడే రంగుల సంగతీ ఇదే. అందుకే చూసే కోణం మారితే రంగు మారుతుంది. పొద్దున నీలంగా ఉన్నది మధ్యాహ్నం ఎండలో ఊదాగా కనబడొచ్చు. ఫోను ఫ్లాషు పడితే మధ్యలో తెల్లటి మచ్చ తప్ప ఇంకేమీ మిగలదు. ఒకే జాతిలో ఒకటి పచ్చగా, ఇంకొకటి రాగి రంగులో ఉండటం గ్రౌండ్ బీటిల్స్‌లో మామూలే. అప్పుడే ప్యూపా నుంచి బయటికొచ్చిన పురుగయితే పాలిపోయి ఉంటుంది, అసలు రంగు తేలడానికి టైము పడుతుంది.

పైగా రంగు అందరికీ ఒకేలా అర్థం కాదు. మా నాన్న "నీలం" అంటే నేను "ఆకుపచ్చ" అంటాను. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెట్టుకున్న బంగారు పురుగు గుర్తుందా? అది ఏ రంగు అని పదిమందిని అడగండి, ఆరు జవాబులొస్తాయి. నిండా అలాంటి డేటా మీద ఆధారపడి నిర్ణయం తీసుకునే ప్రోగ్రాము ఏ టెస్టింగులోనూ నిలబడదు.

మరి దేన్ని నమ్మాలి?

ఆకారాన్ని. కొలతని. లెక్కపెట్టగలిగిన దాన్ని. పురుగుల శాస్త్రవేత్తలు వాడే పద్ధతి మనకి బాగా తెలిసిందే: అవునా కాదా అనే ప్రశ్నల వరస. ఉంటే ఇటు, లేకపోతే అటు. 1778లో ఫ్రాన్సులో లామార్క్ తన మొక్కల పుస్తకంలో ఈ రెండు దారుల పద్ధతిని పెట్టాడు. అంటే మనం మొదటి సంవత్సరం సి లాంగ్వేజీలో నేర్చుకున్న ఇఫ్-ఎల్స్‌ని ఆయన కంప్యూటర్లు పుట్టకముందే పూలకి వాడేశాడన్నమాట :)

గ్రౌండ్ బీటిల్స్‌కి పెద్ద గ్రంథాలున్నాయి. బ్రిటిష్ ఇండియా జంతుజాలం వరసలో ఆండ్రూస్ అనే ఆయన 1929లో, 1935లో రెండు సంపుటాలు రాశాడు. అవి తిరగేయాల్సిన పని మనకి లేదు. మన మూడు పురుగుల కోసం నేను తయారుచేసుకున్న వరస ఇది. చేలో పురుగుని చిన్న గాజు సీసాలోకి తోసి, చేత్తో తాకకుండా, ఈ ప్రశ్నలు వేయండి.

1. ఒంటి మీద ముళ్ళున్నాయా? రొమ్ము మీద, రెక్కల మీద నిటారుగా ముళ్ళుంటే తాటాకు తెగులు పురుగు. ఇక ముందుకెళ్ళక్కర్లేదు. ముళ్ళు లేకపోతే రెండో ప్రశ్న.

2. పెంకు రెక్కలు పొట్టని ఎంతవరకు కప్పాయి? రెక్కలు పొట్టి చొక్కాలా ఉండి, పొట్టలో సగానికి పైగా ముక్కలు ముక్కలుగా బయటికి కనబడితే పెడెరస్ బాపతు. సీసా మూత బిగించి, చేతులు సబ్బుతో కడుక్కోండి. రెక్కలు పొట్టని దాదాపు పూర్తిగా కప్పితే మూడో ప్రశ్న. "దాదాపు" అని ఎందుకన్నానంటే, ఓఫియోనియా రెక్కల చివర కత్తెరతో అడ్డంగా కోసినట్టు ఉంటుంది, పొట్ట కొస కాస్త తొంగిచూడొచ్చు. తొంగిచూడటం వేరు, సగం బయట ఉండటం వేరు.

3. మీసాలు ఎలా ఉన్నాయి? గ్రౌండ్ బీటిల్ మీసాలు దారంలా సన్నగా, మొదట్నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే లావుగా ఉంటాయి. 11 ముక్కలు. అవి కంటికీ దవడ మొదలుకీ మధ్య, తల పక్క నుంచి మొలుస్తాయి. అక్షింతల పురుగులా చివర గుండు ఉంటే, పేడ పురుగులా చివర విసనకర్ర ఉంటే ఇది అది కాదు.

4. దవడలు ఎటు చూస్తున్నాయి? వేటాడే పురుగు దవడలు ముందుకి చాపి ఉంటాయి, పట్టకారులాగా. కిందకి వంగిన చిన్న మూతి ఉంటే ఆకు తినే జాతి అయ్యుండొచ్చు.

5. కాళ్ళ సంగతేంటి? ఇది భూతద్దంతో చూడాలి. కంసాలి కంటికి పెట్టుకునే పది రెట్ల అద్దం బాగా పనికొస్తుంది. గ్రౌండ్ బీటిల్‌కి ఆరు పాదాల్లోనూ ఐదేసి ముక్కలుంటాయి. నల్లగా ఇలాగే ఉండే చీకటి పెంకు పురుగులకి ముందు నాలుగు పాదాల్లో ఐదేసి, వెనక రెండిట్లో నాలుగేసి. ఇప్పుడు సీసా తిరగేసి పొట్ట వైపు చూడండి. వెనక కాళ్ళ మొదట్లో చిక్కుడు గింజలాంటి పెద్ద ముక్క ఒకటి పక్కకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ కాళ్ళ మొదళ్ళు పొట్ట మొదటి పలకని మధ్యలో రెండుగా చీల్చినట్టు కనబడతాయి. ఈ రెండూ కనబడితే కేసు చాలావరకు తేలిపోయినట్టే.

6. మెడ ఉందా? గ్రౌండ్ బీటిల్స్‌లో ఎక్కువ వాటికి తల రొమ్ముకన్నా ఇరుకుగా ఉంటుంది. ఓఫియోనియా ఈ రూలుకి ఎదురు తిరుగుతుంది. దానికి సన్నటి మెడ, గొట్టంలా సన్నటి రొమ్ము ఉంటాయి కాబట్టి తలే వెడల్పుగా కనబడుతుంది. ఇంత మెడ, రెక్కల మీద పట్టీలు, తెల్ల చుక్కలు కలిసొస్తే మన హీరో దొరికాడు. మెడ లేకుండా వెడల్పాటి రొమ్ముతో, ఇంతకు రెట్టింపు సైజులో, లోహపు ఆకుపచ్చతో ఉంటే అది క్లేనియస్ లాంటి ఇంకో గ్రౌండ్ బీటిల్. అదీ వేటగాడే, శత్రువు కాదు.

చూశారా, ఇన్ని ప్రశ్నల్లో రంగు ఆఖర్న, అదీ సాక్షిగా వచ్చిందే తప్ప జడ్జీగా రాలేదు. మొదటి రెండు ప్రశ్నలకి భూతద్దం కూడా అక్కర్లేదు. కౌలు రైతుకి మొదటి రెండూ నేర్పితే చాలు, సగం పని అయిపోయినట్టే.

యాప్ ఉంది కదా?

ఉంది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. 2024 ఆగస్టులో కేంద్ర వ్యవసాయ శాఖ కూడా కృత్రిమ మేధతో పనిచేసే జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థని, దాని యాప్‌తో సహా మొదలుపెట్టింది. నేను వీటికి వ్యతిరేకిని కాదు. నా జీతమే అలాంటి పని మీద వస్తోంది. కానీ లోపల ఏం జరుగుతుందో తెలిసినవాడిగా ఒక మాట చెప్పాలి.

ఫోటో చూసి పేరు చెప్పే మోడలుకి మనం కొన్ని పేర్ల జాబితా ఇచ్చి శిక్షణ ఇస్తాం. జాబితా నిండా తెగుళ్ళూ చీడపురుగులే ఉంటే, మిత్ర పురుగు ఫోటో పెట్టినా అది ఆ జాబితాలోంచే ఒక పేరు ఎంచుతుంది. "వీటిలో ఏదీ కాదు" అనే గడి లేని పరీక్ష పేపరు లాంటిది. ఓఫియోనియా ఫోటో ఇస్తే నీలి మెరుపు చూసి, వరి ఆకు చూసి, దగ్గర్లో ఉన్న హిస్పా అనేయడానికి అవకాశముంది. పక్కన ఎంత శాతం నమ్మకమో కూడా వేస్తుంది! ఆ శాతం చూసి మనం దండం పెట్టేస్తాం. అది జాబితాలో మిగతా పేర్లతో పోల్చి చెప్పిన నమ్మకమే తప్ప, లోకంలోని పురుగులన్నిటితో పోల్చి చెప్పింది కాదని రైతుకి ఎవరు చెబుతారు?

ఇంకోటి, శిక్షణకి వాడే ఫోటోలు. చీడపురుగు ఫోటోలు అందరూ తీస్తారు, ఎందుకంటే నష్టం కనబడుతుంది కాబట్టి. మిత్ర పురుగు చేసిన మేలు కనబడదు. తినకుండా మిగిలిన ఆకుని ఎవరు ఫోటో తీస్తారు చెప్పండి? మా టీములో ప్రొడక్షన్ పడిపోకుండా కాపాడే కుర్రాడికి అప్రైజల్‌లో ఎప్పుడూ యావరేజ్ రేటింగే వస్తుంది, పడిపోయాక రాత్రంతా కూర్చుని లేపినవాడికి అవార్డు. ఓఫియోనియాది మొదటివాడి బతుకు.

పేరు తప్పయితే ఎంత గందరగోళమో 2022 జులైలో చూశాం. సిక్కింలో ఒక ఇంజినీరింగు కాలేజీలో దాదాపు 100 మంది విద్యార్థులకి ఒంటి మీద వాతలు తేలాయి. దేశమంతా పేపర్లూ టీవీలూ "నైరోబీ ఈగ" అని హోరెత్తించాయి. అది ఈగ కాదు, పెంకు పురుగు. నైరోబీ ఈగ అనే పేరు తూర్పు ఆఫ్రికాలో ఉండే పెడెరస్ జాతులది. మన వరిచేలల్లో ఉండే పెడెరస్ ఎప్పట్నుంచో ఇక్కడే ఉంది, విమానమెక్కి రాలేదు. ఏదో కొత్త విదేశీ ప్రమాదం అన్నట్టు భయపెట్టే బదులు "నలపకండి, ఊది తోసేయండి, సబ్బుతో కడుక్కోండి, రాత్రి కిటికీ దగ్గర లైటు తీసేయండి" అని నాలుగు ముక్కలు చెప్పుంటే ఎంతో మేలు. అన్నట్టు, 1953లో పెడెరిన్‌ని మొదటిసారి విడదీసి తీయడానికి ఇటలీ శాస్త్రవేత్తలు రెండున్నర కోట్ల పెడెరస్ పురుగులు వాడారు. ఆ సేకరణ టీముకి చేతులు ఎలా ఉన్నాయో పాపం!

తప్పు చెబితే పోయేదేంటి?

"సర్లే, ఓఫియోనియాని హిస్పా అనుకుని ఒక ట్యాంకు ఎక్కువ కొట్టాం. మునిగిపోయిందేముంది?" అని అడగొచ్చు. ట్యాంకు ఖర్చు, కూలి ఖర్చు చిన్నవి కావు గానీ వాటిని పక్కన పెడదాం. అసలు దెబ్బ తర్వాత పడుతుంది.

సుడిదోమ గురించి గోదావరి జిల్లాల రైతుకి నేను చెప్పక్కర్లేదు. చేను మధ్యలో గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోయి, చూస్తుండగానే ఎకరాలకి ఎకరాలు పడుకోబెడుతుంది. ఈ దోమ గుడ్లని వరి ఆకు తొడిమ లోపల పెడుతుంది. పైన కొట్టిన మందు గుడ్లకి సరిగా తగలదు. కానీ దోమని తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు, నేల పెంకు పురుగులు, పెడెరస్‌లు అన్నీ బయటే తిరుగుతాయి కాబట్టి ముందు అవి పోతాయి. వారం పది రోజులకి గుడ్లు పగిలి దోమ పిల్లలు బయటికొచ్చేసరికి కాపలావాడే లేడు. ఇల్లు ఖాళీ. అదీగాక కొన్ని సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు తక్కువ మోతాదులో దోమ గుడ్లు పెట్టే శక్తిని పెంచుతాయని కూడా 1980ల నాటి ప్రయోగాల్లోనే తేలింది. అందుకే వరిలో ఆ మందులు వాడొద్దని శాస్త్రవేత్తలు మొత్తుకుంటారు. కొట్టులో మాత్రం ఆకుముడతకీ తాటాకు తెగులుకీ అవే చేతిలో పెట్టడం నేను చూశాను. మా కౌలు రైతుని అడిగితే "ఆయ్, చవగ్గా ఉంటాయండి, పురుగు గబుక్కున పడిపోద్దండి" అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు, గబుక్కున పడిపోయేది ఏ పురుగు అన్నదే ప్రశ్న.

ఇది థియరీ కాదు. ఇండోనేషియాలో 1970లు, 80ల్లో ప్రభుత్వమే పురుగుమందులకి భారీ సబ్సిడీ ఇచ్చింది. సుడిదోమ తగ్గలేదు సరిగదా పెరిగింది. 1986 నవంబరులో సుహార్తో ప్రభుత్వం వరి మీద 57 రకాల మందుల్ని నిషేధించింది. తర్వాత సబ్సిడీ కూడా ఎత్తేసింది. 1989 నుంచి రైతు పొలం బడులు పెట్టి, రైతుల్ని చేలో కూర్చోబెట్టి ఏది మిత్రుడో ఏది శత్రువో బొమ్మలు గీయించి నేర్పారు. మందుల వాడకం బాగా తగ్గింది, వరి దిగుబడి మాత్రం పడిపోలేదు. వియత్నాంలో మెకాంగ్ డెల్టా, అచ్చం మన డెల్టా లాంటిదే. అక్కడ 1994లో "విత్తిన మొదటి 40 రోజులు ఆకు తినే పురుగులకి మందు కొట్టకండి" అని రేడియో నాటికలు, కరపత్రాలతో ప్రచారం చేశారు. లాంగ్ ఆన్ ప్రాంతంలో సీజనుకి సగటున 3.4 పిచికారీలు కొట్టే రైతులు 1.6కి దిగారు. పిలకలేసే దశలో వరి కొన్ని ఆకులు పోయినా మళ్ళీ వేసుకుంటుంది. ఆ మాట చెప్పడానికి రేడియో నాటిక సరిపోయింది.

కొన్ని అభ్యంతరాలు

రైతుకి పురుగు కాళ్ళు లెక్కపెట్టే తీరిక ఎక్కడుందంటారా? నిజమే. అందుకే మొదటి రెండు ప్రశ్నలు చాలన్నాను. రెండున్నర గంటలు బుర్రగుంట బురదలో పంపు మోసే తీరిక ఉన్నప్పుడు, ముళ్ళున్నాయా లేదా చూడ్డానికి రెండు నిమిషాలు దొరకవా?

ఒక్క ఓఫియోనియాని కాపాడితే పంట పండిపోతుందా? పండదు. అలా నేను అనడం లేదు. మిత్ర పురుగు ఒంటరిగా ఏ చేనునీ కాపాడదు, అదొక పెద్ద జట్టులో ఒక ఆటగాడు. చీడ హద్దు దాటితే మందు కొట్టాల్సిందే. తాటాకు తెగులుకే తీసుకుంటే దుబ్బుకి రెండు పెద్ద పురుగులు కనబడితే చర్య తీసుకోమంటారు. నా గొడవల్లా ఆ లెక్కలో తాటాకు తెగులు పురుగుల్నే లెక్కపెట్టమని, మెరిసిన ప్రతిదాన్నీ కాదని. లెక్కే తప్పయితే హద్దు ఎక్కడ పెట్టినా ఒకటే.

మరి నారుమడిలో నిజంగానే హిస్పా ఉండి, మనం మిత్రుడనుకుని వదిలేస్తే? అదీ ప్రమాదమే. రెండు వైపులా తప్పుకి ఖరీదుంది. గుర్తుపట్టడం ముఖ్యమన్నది అందుకే గానీ, పురుగుల మీద జాలితో కాదు.

మనం చేయగలిగింది

మనూళ్ళకి గుడి ముఖద్వారాలు కట్టిస్తున్నాం, సంక్రాంతికి క్రికెట్ కప్పులు ఇప్పిస్తున్నాం. మంచిదే. దాంతోపాటు మన చేతిలో విద్యతో అయ్యే పని ఒకటుంది.

మొదటిది, పేర్లు. తెలుగులో అక్షింతల పురుగు ఉంది, ఆరుద్ర పురుగు ఉంది, తూనీగ ఉంది, పేడ పురుగు ఉంది. పేరున్నదాన్ని మనం చంపడానికి ముందు ఒక్క క్షణం ఆలోచిస్తాం. ఓఫియోనియాకి నోరు తిరిగే తెలుగు పేరు లేదు. శాస్త్రీయ నామం కూడా నిలకడగా లేదు, పాత వ్యవసాయ పత్రాల్లో ఇది కాస్నాయిడియా. ఒక పేరుతో వెతికితే రెండో పేరు మీద ఉన్న సమాచారం దొరకదు. నేను మా ఇంట్లో "మెడ పురుగు" అని మొదలుపెట్టాను. మా బాబాయి వెంటనే పట్టేసుకున్నాడు. "ఏరా, మీ మెడ పురుగు కనబడిందిరోయ్" అని ఇప్పుడు ఫోటో పంపుతున్నాడు. పేరు పెట్టాక ఆయన మందు సంగతి అడగడం మానేశాడు. మీ దగ్గర ఇంతకన్నా మంచి పేరుంటే, లేదా మీ ఊళ్ళో ముందే పేరుంటే చెప్పండి.

రెండోది, ఫోటోలు. ఒక్క ఫోటో కాదు, నాలుగు: పై నుంచి, పక్క నుంచి, ముఖం వైపు నుంచి, సీసా తిరగేసి పొట్ట వైపు నుంచి. పక్కన ఒక బియ్యపు గింజ పెట్టండి, సైజు తెలుస్తుంది. ఫ్లాషు వద్దు, నీడలో తీయండి. తేదీ, ఊరు, పైరు వయసు రాయండి. ఇవన్నీ ఐనాచురలిస్ట్ లాంటి బహిరంగ వేదికల్లో పెడితే, తెలిసినవాళ్ళు పేరు సరిచూస్తారు, రేపటి యాప్‌కి శిక్షణ సామగ్రి అవుతుంది. మిత్ర పురుగుల గడి లేదని యాప్‌ని తిట్టడం తేలిక. ఆ గడి నింపాల్సింది చేను దగ్గరున్న మనవాళ్ళే.

మూడోది, అడగడం. పశ్చిమ గోదావరిలో మార్టేరు వరి పరిశోధన స్థానం 1925 నుంచి ఉంది. స్వర్ణ పుట్టిందక్కడే, సుడిదోమని తట్టుకునే ఇంద్ర, అమర రకాలు వచ్చిందీ అక్కడ్నుంచే. ఊళ్ళో రైతు సేవా కేంద్రం ఉంది. సందేహమొస్తే పురుగుని సీసాలో పెట్టి అక్కడికి పట్టుకెళ్ళమని నాన్నకి చెప్పండి. కొట్టుకి వెళ్ళేముందు అక్కడికి, కొట్టుకి వెళ్ళాక కాదు.

నాలుగోది మనలో మోడళ్ళు తయారుచేసేవాళ్ళకి. దయచేసి "తెలియదు" అని చెప్పడం మీ యాప్‌కి నేర్పండి. పురుగు పేరు కింద మందు పేరు వచ్చే తెరకి ముందు ఇంకో తెర పెట్టండి: "ముళ్ళున్నాయా? రెక్కలు పొట్టని కప్పాయా?" అని రైతునే అడగండి. కెమెరాకి కనబడనిది రైతు కంటికి కనబడుతుంది. రెండూ కలిస్తేనే సరైన జవాబు.

పురుగుమందు డబ్బా మీద ఏ పురుగుని చంపుతుందో రాసి ఉంటుంది. ఏ పురుగుల్ని కూడా చంపుతుందో రాసి ఉండదు. ఆ రెండో జాబితా మనమే తెలుసుకోవాలి. ఈ సార్వాకి ఇంటి నుంచి పురుగు ఫోటో వస్తే మందు పేరు వెతక్కండి. "నాన్నా, దానికి ముళ్ళున్నాయా?" అని అడగండి. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.